కూర్చున్న చెట్లు

ఫిబ్రవరి పదకొండు, గురువారం. ఆ రోజు బడి భోజనాల గదిలో తౌనో సావెలా తిన్నది బఠాణీ చారు. గురువారం గనక ఊళ్లో అందరూ తినేది అదే. మీద కాస్త ఆవముద్ద, తరిగిన పచ్చి ఉల్లిపాయ. చారు తర్వాత అట్టు వడ్డిస్తారు. అది పళ్లెంలో పడకముందే ఫోను మోగింది. కైతా సరస్సు సన్నబడి అడుగున నీళ్లు పారే ఇరుకు దగ్గర మంచుగడ్డ విరిగి, ఊరి కుర్రాడు ఒస్సి బైకుతో సహా నీళ్లలో పడిపోయాడని కబురు. సావెలా లేచి కోటు తొడుక్కుంటుంటే బడి వంటామె పరుగున వచ్చి, అట్టును రేకు కాగితంలో చుట్టి అతని జేబులో పెట్టింది. భార్య ఇంకెరి పోయాక తన జేబులో తినేదేదైనా పెట్టిన మనిషి ఆవిడే. ఆ సంగతి అతనికి తట్టింది మర్నాడు మధ్యాహ్నం, హిల్కా రంతా వంటింట్లో కూర్చుని జేబు తడుముకున్నప్పుడు.

హిల్కా పశువుల డాక్టరు. అరవై దగ్గర పడుతున్న మనిషి. ఆమె ఎదుట జిల్లా కేంద్రం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ లిండ్రూస్ కూర్చున్నాడు. ఈ పల్లెలన్నిటికీ కలిపి ఉన్న ఒకే ఒక్క డిటెక్టివ్ సావెలా. కానీ కేసు లిండ్రూస్ చేతిలో పెట్టారు. సావెలాకు మిగిలింది పొయ్యి పక్క బల్ల.

"మళ్లీ అడుగుతున్నాను డాక్టరమ్మా. సరస్సు మీద ఆ గుర్తు చెట్లు పాతింది ఎవరు?"

"నేనే."

"సాయం ఎవరూ లేరా?"

"బర్మాతో గడ్డకు బొరియ వేసి స్ప్రూస్ మొక్కను నిలబెట్టడానికి సాయం దేనికి? నాన్న పోయినప్పటి నుంచీ నేనే పాతుతున్నాను."

"అంటే చెట్ల వెంబడి వెళ్తే గడ్డ గట్టిగా ఉంటుందని ఊరికి హామీ ఇచ్చింది మీరు."

"నేనే."

"ఆ హామీ నమ్మినవాడు ఆస్పత్రిలో గొట్టాల మధ్య పడి ఉన్నాడు."

హిల్కా కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుంది. తాగలేదు. ఒస్సి బతికే ఉన్నాడు. గడ్డ విరిగితే పట్టు కోసం మెడలో వేసుకునే మేకుపిడులు రెండూ గడ్డ అంచులో దిగగొట్టి, చేపలు పట్టే ఒక ముసలాయన తాడు విసిరేదాకా వేలాడాడు. స్పృహ మాత్రం ఇంకా రాలేదు.

"రోజూ మొదటి చుట్టు తిరిగి బైకుల ట్రాకు తెరవాల్సింది మీరేగా? నిన్న ఎందుకు వెళ్లలేదు?"

"కొర్పెలా వాళ్ల ఆవుకు దూడ అడ్డం తిరిగింది. తొమ్మిదింటికి ఫోను చేశారు. దార్లోంచి ఒస్సికి చెప్పాను, నా బదులు ఓ చుట్టు తిరిగి రారా నాయనా అని."

"అంటే వాణ్ణి పంపింది మీరు."

"నేనే పంపాను."

సావెలా మొదటిసారి నోరు తెరిచాడు. "ఆ మార్పు సంగతి ఎవరెవరికి తెలుసు హిల్కా?"

"నాకు, ఒస్సికి. ఆవుకి చెప్పలేదు."

లిండ్రూస్ నవ్వలేదు. సావెలా మీసాల కింద నవ్వుకున్నాడు. ఇంత దుఃఖంలోనూ ఆమెకు ఆ మాట వచ్చినందుకు అతనికి ఎక్కడో ఊరట కలిగింది.

"మీ తమ్ముడో?" అన్నాడు.

"అర్మాసా? వాడు నిన్న తెల్లారకముందే రంపపు మిల్లుకు పోయాడు. సాయంత్రం దాకా రాలేదు."

లిండ్రూస్ లేచి నిలబడ్డాడు. "నా లెక్క తేలిపోయింది. చెట్లు ఇరుకు వైపు వంకరగా వెళ్లాయి. పాతింది ఈమె. దీన్ని నిర్లక్ష్యం అంటారు. సామాను సర్దుకోండి డాక్టరమ్మా, రాత్రికి నాతో జిల్లా కేంద్రానికి రావాలి."

అతను ఫోను మాట్లాడటానికి బయటికి వెళ్లాక హిల్కా గొంతు తగ్గించింది.

"నేనే తప్పు పాతానేమో తౌనో. నిన్న రాత్రంతా కళ్లు మూస్తే ఆ చెట్లే. ఒక్కొక్కటీ ఎక్కడ పెట్టానో తలుచుకుంటూనే ఉన్నాను. తిన్నగానే పెట్టానని గుర్తు. కానీ గుర్తుకేముంది? ముసలితనం వచ్చి, పెట్టింది ఒకచోట, అనుకున్నది ఇంకోచోట అయితే? ఊళ్లో పిల్లలందరూ నా చెట్లు చూసుకునే బండి తోలడం నేర్చుకున్నారు."

జైలంటే ఆమెకు భయం లేదని సావెలాకు అర్థమైంది. తన చేతిని తనే నమ్మలేని స్థితి వచ్చింది. దాని ముందు లిండ్రూస్ బెదిరింపు ఎంత?

"నీ బైకు తాళం ఇవ్వు."

"నీకా? ఎన్నేళ్లైంది ఎక్కి?"

"పడితే కట్టు కట్టు. గుర్రాలకు కడతావుగా."

*

ఒస్సి చూసింది చూడాలంటే ఒస్సి వెళ్లినట్టే వెళ్లాలి. నడిచివెళ్లినా, స్నోమొబైల్ మీద వెళ్లినా వేరే కంటితో చూస్తాం. డర్ట్ బైకు మీద, కళ్లద్దాల్లోంచి, మూడో గేరులో చూస్తే కనపడేది వేరు.

సావెలా తొక్కగానే ఇంజను అందుకుంది. మేకుల టైర్లు ఒడ్డు దాటి గడ్డ మీదికి దిగేసరికి, కాగిన నూనెలో ఆవాలు పడ్డట్టు చిటపట మొదలైంది. మొదటి మలుపులో భయపడ్డాడు. రెండో మలుపులో ఎడమ కాలు ముందుకు చాచి, బండిని వంచి, యాక్సిలరేటరు వదలకుండా పట్టాడు. వెనక చక్రం మంచు తునకల్ని వాన చినుకుల్లా వెనక్కి చిమ్మింది. మేకులు గడ్డను కరిచి పట్టుకున్నాయి. తారు రోడ్డు మీద కూడా ఇంత పట్టు ఉండదు. యాభై ఎనిమిదేళ్ల నడుము ఒక్క క్షణం తన వయసు మరిచిపోయింది.

వెంటనే సిగ్గనిపించింది. తను తిరుగుతున్నది ఒస్సి తిరిగిన చుట్టు.

ఆకాశం బూడిద రంగులో ఉంది, సరస్సూ అదే రంగు. ఎక్కడ ఒకటి ముగిసి రెండోది మొదలయిందో కంటికి అందడం లేదు. ఇలాంటి వెలుగులో ఎదుటి ఒడ్డు కూడా కనపడదు. నిన్న తెల్లవారుజామున కురిసిన పొడి మంచు పాత టైరు చాళ్లన్నిటినీ కప్పేసింది. మిగిలినవి చెట్లే. ఒక నల్లటి చెట్టు, దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. చెట్టును కుడి చేతి పక్కన ఉంచుకుని పోవడమే. ఈ ఊళ్లో నడక నేర్చిన పిల్లకు చెప్పే మొదటి మాట అదే: గడ్డను చూడకు, చెట్టును చూడు.

కొత్తవాడైతే గడ్డను చూసేవాడు. దాని రంగు మారడం చూసి ఆగేవాడు. ఊరివాడు గనకే ఒస్సి ఆగలేదు.

ముందు నారింజ రంగు పోలీసు తాడు గాలికి ఊగుతూ కనపడింది. అక్కడ గుంట ఉందని సావెలాకు తెలుసు. తెలిసి కూడా, చెట్ల వరస ఎడమకు తిరగగానే అతని చేతులు బండిని ఎడమకు తిప్పేశాయి. మనసు వద్దంటున్నా చేతులు వినలేదు. ఉలిక్కిపడి బ్రేకు నొక్కాడు. బండి గీసుకుంటూ, అరుస్తూ, తాడుకు ఇవతల ఆగింది.

గుండె కుదుటపడ్డాక దిగి, ఒస్సి బండి చాలు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గాలికి చేరిన పొడి మంచును చేతి తొడుగుతో తుడిచాడు. మేకుల గుర్తులు ఎడం తప్పకుండా కుట్టుమిషను వేసిన కుట్లలా గుంట అంచు దాకా వెళ్లాయి. గీత లేదు, జారుడు లేదు. తన బండి ఇప్పుడు పెట్టిన గీరలకూ వాటికీ పోలికే లేదు. ఒస్సి చివరి క్షణం దాకా అనుమానపడలేదు.

లేచి నడుము పట్టుకుని వెనక్కి తిరిగాడు. అప్పుడు కనపడింది.

దూరాన చెట్లన్నీ నిలబడి ఉన్నాయి. ఈ దగ్గరి నాలుగూ కూర్చుని ఉన్నాయి.

కైతా సరస్సు పద్ధతిలో స్ప్రూస్ మొక్కకు అడుగున కొమ్మలు కొట్టేసి, మోకాలెత్తు బోసి కాండం గడ్డ మీద కనపడేలా పాతుతారు. ఆ సందులోంచి గాలి దూరిపోతుంది, చెట్టు మొదట్లో మంచు కుప్ప పడదు. బర్మా బొరియలో దించి, చుట్టూ తడి మంచు కూరి, నీళ్లు పోస్తే తెల్లారేసరికి సిమెంటులో పాతినట్టే. తర్వాత ఎద్దు లాగినా రాదు. ఈ నాలుగింటికి మాత్రం బోసి కాండం లేదు. లంగా పరుచుకుని కూర్చున్న పెద్దమ్మల్లా, కొమ్మలు గడ్డకు ఆనించి ఉన్నాయి.

పొట్టివై పోయాయి. ఎందుకు పొట్టివయ్యాయి?

నిలబడి ఉన్న ఆఖరి చెట్టు దగ్గరికి వెళ్లి, ఇరుకు అవతల నిలబడి ఉన్న చెట్టును చూస్తూ తిన్నగా నడిచాడు. బూటుతో మంచు నెట్టుకుంటూ వెళ్లాడు. కాసేపటికి బూటు కింద ఏదో గరుకుగా తగిలింది. వంగి తుడిచాడు. గడ్డతో సమంగా, అరచేతి మధ్యలో పట్టేంత గుండ్రటి చెక్క. పసుపుగా, కొత్తగా కోసిన వాటం. చుట్టూ గడ్డలో ఇరుక్కుని రంపపు పొట్టు.

ఇంకొంచెం ముందుకు వెళ్తే ఇంకొకటి. తర్వాత మరో రెండు. నాలుగూ ఒకే గీతలో, గట్టి గడ్డ మీద, ఇరుకుకు దూరంగా ఉన్నాయి. హిల్కా చెయ్యి తప్పలేదు. ఎవరో ఆమె చెట్లను మొదలంటా కోసి, తీసుకెళ్లి, ఇరుకు వైపు నాటారు.

సావెలా ఆఖరి మొద్దు మీద చెయ్యి ఉంచాడు. గుడిలో ఉన్నట్టనిపించింది.

*

స్నోమొబైల్ మోత దగ్గరయింది. లిండ్రూస్ దిగకుండానే కేకేశాడు. "ఏం సావెలా గారూ, పుట్టగొడుగులు ఏరుతున్నారా?"

"మొద్దులు. దిగి చూడు."

లిండ్రూస్ మూర్ఖుడు కాడు. నాలుగూ చూశాడు, కూర్చున్న చెట్లను చూశాడు, మళ్లీ మొద్దుల్ని చూశాడు. ఫొటోలు తీశాడు. ఒక క్షణం సావెలా, ఇతనితో కలిసి పనిచేయగలనేమో అనుకున్నాడు కూడా.

"బాగా పట్టారు" అన్నాడు లిండ్రూస్ చివరికి. "ఇది నిర్లక్ష్యం కాదు. హత్యాయత్నం."

"అవును."

"చెట్లు పాతింది ఆమె. ఏవి కోయాలో, ఎక్కడ నాటాలో తెలిసిందీ ఆమెకే. రోజూ మొదటి చుట్టు తను వెళ్లాల్సిన మనిషి, సరిగ్గా నిన్న మాత్రం వెళ్లలేదు. ఒస్సిని పంపింది. ఆ మాట తన నోటితోనే ఒప్పుకుంది. మీరే కేసు బిగించారు. థాంక్స్."

సావెలాకు చలి అప్పుడు తెలిసింది.

"ఒస్సి ఆమెకేం చేశాడు? పోయిన ఆదివారం బైకుల క్లబ్బులో అందరి ముందూ చెప్పింది, వచ్చే ఏడు నుంచి ఈ ట్రాకు ఒస్సికి అప్పగిస్తానని. కొడుకులా చూసుకుంది వాణ్ణి."

"కొడుకుల్ని చంపుకున్న తల్లుల్ని నేను చూశాను."

"దూడను అడ్డం తిప్పుకోమని ఆవుకి ముందు రోజే చెప్పి ఉంచిందా?"

లిండ్రూస్ ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఆ ఆవు లేకపోతే ఈ చెట్ల వెంట వచ్చేది ఆమే. బుధవారం రాత్రి రంపం పట్టుకుని ఇక్కడికి వచ్చినవాడికి ఆవు సంగతి తెలియదు. వాడు పన్నిన వల హిల్కా కోసం. ఒస్సి దాంట్లో పడ్డాడు."

"ఊహ."

"నీదేమిటి మరి, వేదమా?"

"ఈ ఊళ్లో రంపం ఎవరి దగ్గర ఉంది?"

"ఎవరి దగ్గర లేదో చెప్పమను, తొందరగా అవుతుంది. పాస్టరు గారి దగ్గర రెండున్నాయి."

లిండ్రూస్ హెల్మెట్ తగిలించుకున్నాడు. "ఏదైనా సరే, ఆమెను ఈ రాత్రే తీసుకెళ్తాను."

"వద్దు." సావెలా స్నోమొబైల్ ముందు నిలబడ్డాడు. "నిన్నటి నుంచి ఆమె నిద్రపోలేదు. తన చేతిని తనే శపించుకుంటోంది. ఈ మొద్దుల సంగతి చెప్పి, ఒక్క రాత్రి తన మంచం మీద పడుకోనివ్వు. ఎక్కడికి పారిపోతుంది? అడుగడుగునా ఆమె కానుపు చేసిన ఆవులే, ఎటు పోయినా పలకరిస్తాయి. నా పూచీ."

లిండ్రూస్ బండెక్కాడు. "రేపు పొద్దున్నే వస్తాను. ఆమె ఇంట్లో కనపడకపోతే మీ కుర్చీ నాది."

"తీసుకో. దాని ఒక కాలు వదులు. జాగ్రత్తగా కూర్చో."

స్నోమొబైల్ వెళ్లిపోయింది. గెలిచానన్న తృప్తి సావెలాకు ఎంతో సేపు నిలవలేదు. గాలి లేచింది. ఎర్రగా, నీరసంగా పొద్దు అడవి వెనక్కి దిగుతోంది. వెళ్లబోతూ, కూర్చున్న నాలుగో చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు.

చెట్టుకు రెండు బారల అవతల, గుంట వైపు, మంచులోంచి సన్నటి భూర్జ కొమ్మ పొడుచుకుని ఉంది. విరిగిపడ్డ కొమ్మ కాదది. కొసను వంచి, రెండు మెలికలు తిప్పి, చివర లోపలికి దోపి, ఉంగరంలా కట్టారు. ఉంగరం చిన్నపిల్ల గాజంత ఉంది. కింద తుడిచి చూస్తే పైన పల్చగా పేరుకున్న బర్మా బొరియ. వేలు పెట్టి పొడిచాడు. పెళుసుగా విరిగి నీళ్లు పైకొచ్చాయి. ఇక్కడ గడ్డ బెత్తెడు కూడా లేదు.

జరిగింది కళ్లకు కట్టింది. వాడు నాలుగో చెట్టును మొదట ఇక్కడే నాటబోయాడు. బర్మా చటుక్కున దిగిపోయి నీళ్లు చిమ్మాయి. ఇంకో అడుగు వేస్తే తనే పోతాడని తెలిసి, వెనక్కి తగ్గి, రెండు బారలు ఇవతల నాటాడు. అంతవరకూ సరే. కానీ వెళ్లిపోలేదు. వదిలేసిన బొరియలో ఎవరి కాలైనా దిగబడుతుందని, దానికి గుర్తు పెట్టాడు. సరస్సు ఒడ్డున పెరిగినవాడు వదిలేసిన బొరియను గుర్తు లేకుండా వదిలి పోలేడు. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కున్నట్టే అది.

అంత చలిలో భూర్జ కొమ్మను వంచితే పుటుక్కున విరుగుతుంది. ఉంగరం తిరగాలంటే తొడుగులు విప్పి, అరచేతుల మధ్య పెట్టుకుని, నోటి ఆవిరి పడుతూ, మెత్తబడేదాకా ఓపిక పట్టాలి. ఒక మనిషి చావుకు దారి వేసి, పక్కనే నిలబడి ఇంకెవరి కాలూ బెణకకూడదని కొమ్మను వెచ్చబెట్టాడు. సావెలాకు ఆ మనిషి మీద కోపం రావాల్సింది. రాలేదు.

ఫొటోలు తీసుకుని, కొమ్మను పీకి కోటు లోపల పెట్టుకున్నాడు.

*

హిల్కా ఇంటికి చేరేసరికి చీకటి పడింది. వాకిట్లో అర్మాస్ కారు ఉంది. వసారాలో అతని మిల్లు కోటు తగిలించి ఉంది. మెట్ల పై గదిలో నడుస్తున్న చప్పుడు. తమ్ముడు అక్క ఇంట్లోనే పై గదిలో ఉంటున్నాడు, పెళ్లాం వదిలేసి పోయినప్పటి నుంచీ.

"నాలుగు మొద్దులూ తిన్నగా ఉన్నాయి హిల్కా. తాడు పట్టి పాతినట్టు. నువ్వు తప్పు పాతలేదు."

ఆమె కుర్చీలో కూర్చుంది. ఎప్రను అంచు ముఖానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా ఏడ్చింది. సావెలా కిటికీ వైపు తిరిగి, పొయ్యి మీద కాఫీ పెట్టాడు. ఇంకెరి బతికుండగా నేర్చుకోని పనుల్లో ఏడ్చే మనిషిని ఏడవనివ్వడం ఒకటి. ఇప్పుడు వచ్చు.

"ఒస్సి?" అంది కళ్లు తుడుచుకుంటూ.

"వేళ్లు కదిపాడట. ఇందాకే ఫోను చేశాను."

"అయితే బతుకుతాడు." ముక్కు చీదింది. "మరి ఎవరు కోశారు తౌనో నా చెట్లు? నా మీద అంత పగ ఎవరికుంది? నేను పొడిచిన సూదులన్నీ పశువులకేగా."

అతను కోటు విప్పి, కొమ్మను తీసి, బల్ల మీద పాత దినపత్రిక పరిచి దాని మీద పెట్టాడు. "ఇది చూడు. ఎప్పుడైనా చూశావా?"

హిల్కా ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. "అరె! ఇదెక్కడ దొరికింది నీకు? మా నాన్న ఉంగరం ఇది. వదిలేసిన బొరియల దగ్గర అందరూ ఉత్త పుల్ల గుచ్చుతారు కదా, పుల్లయితే ఏ కొమ్మో విరిగి పడిందనుకుంటాం. ఉంగరమైతే పిల్లలు కళ్లద్దాల్లోంచి కూడా పోల్చుకుంటారని, మా కోసం కనిపెట్టాడు. రెండు మెలికలు, కొస లోపలికి. ఒడిలో కూర్చోబెట్టుకుని నేర్పాడు మాకు ఇద్దరికీ..."

ఆ 'ఇద్దరికీ' దగ్గర ఆమె ఆగిపోయింది. నవ్వు ముఖం మీదే ఉంది. కళ్లు మాత్రం కొమ్మ మీదినుంచి లేచి, సావెలా మీదికి, అక్కణ్ణుంచి పైకప్పు మీదికి వెళ్లాయి.

"ఈ చలికాలంలో నువ్వు కట్టావా ఒక్కటైనా?"

తల అడ్డంగా ఊపింది.

"ఊళ్లో ఇంకెవరికైనా వచ్చా?"

"ఎవరికీ రాదు." గొంతు గుసగుసలోకి దిగింది. "బుధవారం స్నానాల ఆవిరి గది ఒడ్డునే కదా తౌనో. నేను ముందు స్నానం చేసి వచ్చేశాను. వాడు ఆలస్యంగా వస్తానన్నాడు. నేను పడుకున్నాను." వేళ్లు ఎప్రను నలుపుతున్నాయి. "నాన్న ట్రాకు నాకిచ్చాడు, వాడికివ్వలేదు. తాగి బండెక్కి ఇద్దర్ని గుద్దాడని పోయినేడు నేనే వాణ్ణి గడ్డ మీదికి రానివ్వలేదు. మొన్న ఆదివారం ఒస్సి పేరు చెప్పినప్పుడు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాడే."

"వేట తుపాకీ ఎక్కడుంటుంది?"

"వాడి గదిలో. బీరువా తాళం వాడి దగ్గరే."

సావెలా ఫోను తీశాడు. లిండ్రూస్ ఎత్తలేదు. కిటికీ అవతల గాలి మంచును ఎత్తి రోడ్డు మీద పోస్తోంది. ఈ పాటికి అతను జిల్లా కేంద్రం దారిలో సగం పోయి ఉంటాడు. వెనకసీట్లో హిల్కాను కూర్చోబెట్టుకుని పోవాల్సింది. వద్దన్నది ఎవరు? స్నోమొబైల్ ముందు నిలబడి, ఒక్క రాత్రి తన ఇంట్లో పడుకోనివ్వమని పట్టుబట్టింది ఎవరు?

మెట్ల మీద అడుగులు వినిపించాయి.

అర్మాస్ ఉన్ని మేజోళ్లతో కిందికి వచ్చాడు. బక్కపలచటి మనిషి, ఎర్రబడ్డ కళ్లు. "ఓ, తౌనో! దారి మూసుకుపోతోంది, ఎలా పోతావు?"

"ఉండిపొమ్మంటే ఉండిపోతా."

"ఉండు, ఉండు. నిన్నటి చారు మిగిలి ఉంది, వేడి చేసిపెట్టవే అక్కా." కప్పులో కాఫీ పోసుకున్నాడు. కొంచెం సాసరులో ఒలికింది. "ఒస్సి ఎలా ఉన్నాడట?"

"వేళ్లు కదిపాడట" అన్నాడు సావెలా.

"దేవుడున్నాడు." అర్మాస్ నిజంగానే కళ్లు మూసుకున్నాడు. తెరిచి అక్కను చూశాడు. "నువ్వసలు వాణ్ణి ఎందుకు పంపావే? నీ చుట్టు నువ్వు తిరక్కుండా? పసివాడు వాడు!"

హిల్కా వెనక్కి తగ్గింది. గోడకు ఆనుకుని నిలబడింది.

వంటింటి వేడికి బల్ల మీది కొమ్మ మెత్తబడింది. మంచు నీరై దినపత్రిక మీదికి కారింది. బిగువు వదిలి, మెలిక జారి, ఉంగరం నెమ్మదిగా విచ్చుకుంటోంది. అర్మాస్ కాఫీ తాగుతూ అది చూశాడు. కప్పు కింద పెట్టాడు. మాట్లాడుతూనే, "పొద్దున మళ్లీ మిల్లుకు పోవాలి, శనివారం కూడా పని తగిలించారు," అంటూ కొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. వేళ్లు వాటంతట అవే కదిలాయి. ఒక మెలిక. రెండో మెలిక. బొటనవేలితో కొస లోపలికి.

ఉంగరం బిగిసింది.

అప్పుడు తన చేతులను చూసుకున్నాడు.

పొయ్యి మీద కాఫీ పొంగింది. అర్మాస్ ఉంగరాన్ని మళ్లీ దినపత్రిక మీద, ఉన్నచోటే, చాలా జాగ్రత్తగా పెట్టాడు. సావెలాను చూడలేదు. అక్కను చూశాడు. 

"అర్మాస్" అన్నాడు సావెలా మెల్లగా. "కూర్చో నాయనా. మాట్లాడుకుందాం."

"పొద్దున. పొద్దున మాట్లాడుకుందాం తౌనో. బాగా అలిసిపోయాను."

"తుపాకీ బీరువా తాళం నాకిచ్చి వెళ్లు."

వినపడనట్టే మెట్లెక్కాడు. సావెలా కుర్చీ లాగి మెట్ల మొదట్లో, హిల్కాకు అడ్డంగా వేసుకున్నాడు. ఆమె చెయ్యి వచ్చి వెనక నుంచి అతని భుజం పట్టుకుంది. పైన చెక్కనేల రెండుసార్లు కిర్రుమంది, ఆగింది. పసిపిల్ల నిద్ర చెడుతుందని మూసినట్టు, గడియ చప్పుడైనా కాకుండా, అర్మాస్ తన గది తలుపు మూసుకున్నాడు.